మొక్కు బేరమా, బాకీయా?

మార్గశిర గురువారాల్లో విశాఖ బురుజుపేటలో చీకటితోనే క్యూ మొదలవుతుంది. కనకమహాలక్ష్మి అమ్మవారి గర్భాలయానికి పైకప్పు లేదు. ఎవరి చేత్తో వారే పాలు పోసి, పసుపు కుంకుమలు సమర్పించుకోవచ్చు. ఉద్యోగం వస్తే చీర పెడతానని ఒకరు, పడవ క్షేమంగా ఒడ్డు చేరితే అభిషేకం చేయిస్తానని ఇంకొకరు. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరిక చెప్పుకునేవారిదీ ఇదే తీరు. ఇది భక్తి కాదు, బేరం అని వెక్కిరించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇది భక్తా, బేరమా అన్న ప్రశ్నను వెక్కిరించకుండా అడిగినవాడు గ్రీకు తత్వవేత్త సోక్రటీస్. క్రీ.పూ. 399 నాటి మాట. ఊరి దేవుళ్లను నమ్మడని, కుర్రకారును చెడగొడుతున్నాడని ఏథెన్స్‌లో ఆయన మీద అభియోగం. అప్పటికి 70 ఏళ్లవాడు. న్యాయాధికారి వాకిట యూథిఫ్రో అనే పెద్దమనిషి కలిశాడు. తండ్రి ఒక కూలివాణ్ణి కట్టేసి గోతిలో పడేస్తే అతను చచ్చిపోయాడట. కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి వచ్చాడు. దైవం మెచ్చే పని ఇదేనని గట్టి ధీమా. అయితే భక్తంటే ఏమిటో చెప్పమన్నాడు సోక్రటీస్. దేవతలు మెచ్చేదన్నాడతను. వాళ్లు మెచ్చారు కాబట్టి అది మంచిదైందా, మంచిది కాబట్టే మెచ్చారా? యూథిఫ్రోకు ఊపిరాడలేదు. చివరికి, దేవతలను ఎలా అడగాలో, వారికేం ఇవ్వాలో తెలియడమే భక్తి అన్నాడు. అలాగైతే అది వర్తకమే కదా, మన సరుకుతో వాళ్లకేం పని అన్నాడు సోక్రటీస్. యూథిఫ్రో తొందర పనుందని జారుకున్నాడు. ప్లేటో రాసిన ఈ సంభాషణలో జవాబు దొరకదు.

జవాబులో కొంత మన కొండల మీద ఉందనిపిస్తుంది. భీమిలి దారిలో సముద్రాన్ని చూస్తూ నిలిచిన తొట్లకొండ బౌద్ధారామంలో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. సన్యాసుల చోట విదేశీ డబ్బు! ఓడల వర్తకంతో ఆ ఆరామానికి ఉన్న సంబంధానికి వాటిని గుర్తుగా చెబుతారు. ఇక అనకాపల్లి దగ్గర శంకరంలో, లింగాలకొండ రాతిని చెక్కి బారులు బారులుగా మొక్కుబడి స్తూపాలు మలిచారు. బుద్ధుడు నిర్వాణం పొందాడు, వరాలిచ్చే దేవుడు కాడు. మరి అన్ని స్తూపాలు ఎవరితో బేరం కుదుర్చుకోవడానికి? అవతల తీసుకునేవాడే లేనప్పుడు ఇవ్వడాన్ని బేరం అనలేం. అడిగేటప్పుడు మొక్కులో బేరం వాసన కొట్టవచ్చు గానీ, తీర్చేటప్పుడు అది ఒట్టి కృతజ్ఞత అని నేనంటాను.

ఆ మాటకొస్తే సోక్రటీస్ కూడా మొక్కు ఎగ్గొట్టలేదు. ఆ అభియోగం మీద పడిన మరణశిక్షగా విషం తాగాక కాళ్లు చల్లబడుతున్నాయి. ముఖం మీద కప్పిన గుడ్డ తొలగించి మిత్రుడు క్రీటోతో ఆఖరి మాట చెప్పాడు: వైద్యదేవుడు ఆస్క్లీపియస్‌కు ఒక కోడి బాకీ ఉన్నాం, మరవకుండా తీర్చమని. ఏ జబ్బు నయమైనందుకో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. కోడి మొక్కు సంగతి మాత్రం ఉత్తరాంధ్రలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. మీరు మొక్కి మరిచినదేదైనా ఉంటే వాయిదా వేయకండి, తీర్చేయండి.