పంటినొప్పికి తూకపురాయి ఉందా?

మోర్తాడ్ చుట్టుపక్కల ఊళ్ళలో కొలతల గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు పంపుతారు. అక్కడ కొమ్ము వేరు, మండ వేరు. తేమ ఎంతుందో చూస్తారు. విరిచి లోపలి రంగు చూస్తారు. క్వింటాలుకు ఇంత అని ధర కడతారు. ధర దగ్గర గొడవ పడవచ్చు గానీ, కాంటా మాత్రం అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరి కళ్ళ ముందే ఉంటుంది.

ఆ పసుపు తవ్వే కూలి మనిషి నొప్పికి అలాంటి కాంటా ఏదీ లేదు. ఎవరి నొప్పి వాళ్ళకే ఎరుక. అట్లయితే ఒకరి నొప్పి ఎంతో ఇంకొకరు ఎట్లా చెప్పగలరు? చెప్పలేకపోతే, ఎవరి మాట చెల్లాలి? ఇది డాక్టర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. బడిలో పిల్లల ముందు నిలబడే మనందరిదీ.

పెద్ద జబ్బులు వదిలేసి చిన్న నొప్పినే తీసుకుందాం. చలికాలం పొద్దున చల్లని నీళ్ళు పుక్కిలిస్తే కొందరికి పళ్ళు జివ్వుమంటాయి. వాపు ఉండదు, రక్తం రాదు, జ్వరం ఉండదు. చూపించడానికి ఏమీ లేని నొప్పి కాబట్టే మన ప్రశ్నకు ఇది సరైన ఉదాహరణ.

పంటి పైపొర ఎనామిల్‌కు నరాలు లేవు. దాని కింద డెంటిన్ అనే పొరలో చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో సన్నని గొట్టాలు ఉంటాయి. ఇటుకపొడితోనో బొగ్గుతోనో గట్టిగా తోమి పైపొర అరిగినా, చిగుళ్ళు జారి పంటి మొదలు బయటపడినా ఆ గొట్టాల నోళ్ళు తెరుచుకుంటాయి. చల్లదనం తగలగానే లోపలి ద్రవం కదిలి నరాన్ని రేపుతుంది. 1960లలో స్వీడన్ శాస్త్రవేత్త బ్రాన్‌స్ట్రోమ్ చెప్పిన ఈ వివరణనే ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. కారణం దొరికింది. కానీ ఎంత నొప్పి అన్నది మాత్రం దొరకలేదు.

దొరకబుచ్చుకోవడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 1940లలో అమెరికాలో హార్డీ, వుల్ఫ్, గూడెల్ అనే ముగ్గురు మనుషుల నుదుటి మీద వేడి కాంతిని వేసి, నొప్పికి 'డోల్' అనే కొలమానాన్ని తయారుచేశారు. కిలోకు గ్రాముల్లాగా నొప్పికి డోల్‌లు అన్నమాట. వేరేవాళ్ళు చేసి చూస్తే అదే లెక్క రాలేదు. ఆ కొలమానం వాడుకలో నిలవలేదు.

ఇప్పుడు జివ్వుమనే పళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళు ముఖ్యంగా మూడు రకాలుగా కొలుస్తారు. ఒకటి, సన్నని మొనతో పంటి మీద 10 గ్రాముల ఒత్తిడితో మొదలుపెట్టి, పది పది పెంచుతూ, ఎక్కడ నొచ్చిందో రాసుకుంటారు. రెండు, పంటి మీద ఒక్క సెకను చల్లని గాలి ఊది మనిషి ఏం చేశాడో చూస్తారు. షిఫ్ పేరుతో పిలిచే ఈ పద్ధతిలో సున్నా నుంచి మూడు దాకా మార్కులు. కదలకపోతే సున్నా. ఉలిక్కిపడినా ఆపమనకపోతే ఒకటి. ఆపమన్నా, తల పక్కకు తిప్పుకున్నా రెండు. ఆపమని, ఇది నొప్పేనని కూడా చెబితే మూడు. మూడో రకం, పది సెంటీమీటర్ల గీత గీసి, ఈ చివర నొప్పే లేదు, ఆ చివర భరించలేనంత, నీది ఎక్కడో గుర్తు పెట్టు అంటారు.

జాగ్రత్తగా చూడండి. మొదటిది కొలిచేది ఒత్తిడిని. రెండోది కొలిచేది నడవడికను. మూడోది మనిషి ఇచ్చిన మాట. నొప్పిని నేరుగా తూచినది ఒక్కటీ లేదు.

మనకు అసలు చిక్కు రెండోదాని దగ్గర ఉంది. కదలనివాడికి సున్నా. 'పంటి బిగువున ఓర్చుకోవడం' అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. ఇంట్లో, చేనులో, హాస్టల్లో ఓర్చుకోవడమే నేర్చుకున్న పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటే కదలదు. డాక్టరు ఎదుట మాట్లాడటానికి భయపడే అవ్వ కూడా కదలదు. కాగితం మీద ఇద్దరికీ సున్నా పడుతుంది. ఓర్చుకోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు. ఇరవై కిలోల మూటను నవ్వుతూ మోసినా అది ఇరవై కిలోలే.

ఈ రెండింటినీ కలిపేయడం వల్ల లోకంలో చాలా అన్యాయం జరిగింది. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలుగా ఉన్న నల్లవాళ్ళకు నొప్పి సరిగా తెలియకపోవడం ఒక జబ్బు అని, దానికి ఒక పేరు పెట్టి మరీ రాశాడు. కొరడా దెబ్బలు కొట్టేవాళ్ళకు ఆ మాట ఎంత అనుకూలమో వేరే చెప్పాలా? 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూస్తే, తెల్లజాతి వైద్య విద్యార్థుల్లో దాదాపు సగం మంది ఇప్పటికీ నల్లవాళ్ళ చర్మం మందమనో మరొకటనో తప్పుడు నమ్మకాలు పెట్టుకుని ఉన్నారు. అలాంటివాళ్ళే నల్లవాళ్ళ నొప్పిని తక్కువగా అంచనా వేశారు.

మన గురించి కూడా ఇలాంటి మాటే వింటాం. "అడవి మనుషులు గట్టివాళ్ళు, వాళ్ళకు నొప్పి తెలియదు" అంటారు. పొగడ్తలాగే వినిపిస్తుంది. మనవాళ్ళు కొందరు సంతోషిస్తారు కూడా. కానీ ఆ పొగడ్త వెనకే మందు తగ్గుతుంది, సెలవు తగ్గుతుంది, వినే ఓపిక తగ్గుతుంది. మన ఓర్పు మన గొప్పతనం కావచ్చు. దాన్ని ఇతరులు మన నొప్పిలోంచి కోసేసే తరుగుగా మార్చుకోవడానికి మనం ఒప్పుకోకూడదు.

కంటికి కనిపించేదాన్నే నమ్ముదామంటే అదీ కుదరదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి వైద్యులు రాశారు. తర్వాత నల్గొండ పేరు ఆ బాధకే గుర్తుగా మారింది. ఫ్లోరైడ్ వల్ల పళ్ళకు పట్టే మచ్చలను లెక్కించడానికి డీన్ పట్టిక ఉంది. మచ్చ ఎంతుందో అది చెబుతుంది. ఆ నోటిలో నొప్పి ఎంతుందో, ఆ పిల్ల నవ్వడానికి ఎందుకు చేయి అడ్డం పెట్టుకుంటుందో చెప్పదు.

"మరి అబద్ధం చెప్పేవాళ్ళు లేరా? పరీక్ష రోజే పన్ను నొస్తుందనే పిల్లలు లేరా?" అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. ఉన్నారు. అయితే లెక్క వేద్దాం. అబద్ధం చెప్పిన పిల్లవాణ్ణి నమ్మితే మనకు ఒక గంట నష్టం. నిజం చెప్పిన పిల్లను నమ్మకపోతే పన్ను పోవచ్చు, అంతకంటే ముందు మన మీద నమ్మకం పోతుంది. రెండోసారి ఆ పిల్ల ఏదీ చెప్పదు. రెండు నష్టాలూ సమానం కానప్పుడు, అనుమానం ఎటు మొగ్గాలో తెలిసిపోతూనే ఉంది.

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లో నొప్పికి ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. నొప్పి ఉందని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదని అందులో చేర్చింది. మన పిల్లలకు ఈ రెండో మాట మరీ ముఖ్యం.

ఎందుకంటే చెప్పడానికి మాట కావాలి. 1975లో మెల్జాక్ అనే శాస్త్రవేత్త నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలతో ఒక ప్రశ్నాపత్రం తయారుచేశాడు. తెలుగుకూ ఆ సంపద ఉంది: జివ్వుమనడం, సలపడం, పోటు, గుంజడం, మంట, తీపు. చింతకాయ తింటే పళ్ళు పులుస్తాయి, అది ఇంకో రకం. మన ఇళ్ళ భాషల్లోనూ ఇలాంటి మాటలు ఉన్నాయి. గోండిలో, కొలామిలో పన్నును 'పల్' అంటారు. పల్ అనే పిల్లను పుస్తకం తెలుగులో "నొప్పి తీవ్రత ఎంత?" అని అడిగితే "ఏం లేదు సార్" అనే జవాబే వస్తుంది. అది నొప్పి లేదని కాదు, మాట దొరకలేదని.

కాబట్టి టీచర్లుగా మనం చేయగలిగింది కొంత ఉంది. ఇంటి భాషలో అడుగుదాం. చల్లటిది తగిలితేనా, తీపి తింటేనా, నమిలితేనా అని విడివిడిగా అడుగుదాం. పలక మీద గీత గీసి, ఒక చివర ముల్లు లేని కాలు, ఇంకో చివర నడవలేనంత గుచ్చుకున్న ముల్లు అని చెప్పి, నీ పన్ను ఎక్కడ ఉందో చూపించమందాం. మూడు రోజుల తర్వాత మళ్ళీ అడుగుదాం. పోల్చాల్సింది పక్క పిల్లవాడితో కాదు, ఆ పిల్ల నిన్నటి గుర్తుతో. తగ్గకపోతే పంటి డాక్టరు దగ్గరికి పంపుదాం.

యువ మిత్రులకు ఒక మాట. ఓర్చుకోవడం మన పెద్దలు గత్యంతరం లేక నేర్చుకున్న విద్య. దాన్ని గౌరవిద్దాం. కానీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు పళ్ళు బిగబట్టవద్దు. నొప్పికి కాంటా మన నోట్లోనే ఉంది. మనం మాట్లాడకపోతే అవతలివాళ్ళు తోచిన బరువు వేస్తారు.