ఏజెంటును విచారించడం అనుమానించడమా?

మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా వాడలో ఒక పెద్దమనిషి గల్ఫ్‌కు మనుషుల్ని పంపుతుంటాడు. అయిదు పూటలా నమాజుకు వస్తాడు. లైసెన్సు చూపమని, రసీదు ఇమ్మని ఆయన్ను ఏ ముఖంతో అడగం? తోటి విశ్వాసిని అనుమానించినట్లు కాదా?"

ఈ ప్రశ్న వెనుక మంచి మనసే ఉంది. సాటి మనిషిని అకారణంగా అనుమానించడం, అతని లోపాలు వెదకడం ఇస్లాం వారించిన పనులే. కాని ఒకరి గుణాన్ని శంకించడం వేరు, ఒక వ్యవహారాన్ని సరిచూసుకోవడం వేరు. ఈ తేడా మరచిపోవడం కూడా కరీంనగర్, నిజామాబాదు, కడప ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు అప్పుల పాలవడానికి ఒక కారణం.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు (బఖరా: 282) నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, అప్పు వ్యవహారం గురించి. గడువు పెట్టుకున్న రుణాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అది ఆదేశిస్తోంది. ఆ ఆదేశం ఎవరికి? విశ్వాసులకే! ఒకరినొకరు నమ్మవలసినవారినే రాసుకోమన్నప్పుడు, రాత అవమానం ఎలా అవుతుంది? అది ఇద్దరికీ రక్షణ. నిజాయితీపరుడు రసీదు అడిగితే నొచ్చుకోడు.

ఒక వ్యక్తి మంచివాడని సాక్ష్యమివ్వడానికి వచ్చిన మనిషిని హజ్రత్ ఉమర్ (రజి) ప్రశ్నించిన వైనం ప్రసిద్ధం. అతనికి పొరుగున ఉన్నావా, అతనితో ప్రయాణం చేశావా, డబ్బు లావాదేవీ నడిపావా అని ఆరా తీశారు. ఏదీ లేదని తేలాక, బహుశా మసీదులో చూసి ఉంటావు, నీకు అతను తెలియదు అని తేల్చేశారు. నమాజు విలువను ఆయన తగ్గించలేదు. నమాజును చూసి లావాదేవీని అంచనా కట్టవద్దని నేర్పారు.

హిజ్రత్ ప్రయాణాన్ని గుర్తు చేసుకుందాం. శత్రువులు వెంటపడుతున్న వేళ దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపడానికి కిరాయికి కుదుర్చుకున్న వ్యక్తి అప్పటికి ముస్లిం కాదు. కాని ఎడారి దారులు బాగా ఎరిగినవాడు, నమ్మదగినవాడు. తమ ఒంటెలను అతనికే అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ వద్దకు రమ్మన్నారు. అంటే చూసింది రెండే: పని తెలియడం, మాట నిలుపుకోవడం. మన పరదేశ ప్రయాణానికీ కొలబద్ద ఇదే.

ఈ కొలబద్దతో నేటి ఏజెంటును ఎలా కొలవాలి? 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అతని నమోదును ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అభ్యర్థి నుంచి అతను తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. రసీదు ఇవ్వాలి. అతని పేరు చెప్పి ఊళ్లో డబ్బు వసూలు చేసే సబ్‌ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. జీతం, పని, గడువు రాసిన ఒప్పందాన్ని చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. విజిట్ వీసాపై వెళ్లు, అక్కడ మార్పిస్తాను అనేవాడి వెంట వెళ్లకూడదు.

దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఆ తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి మందలించారు. మంచి ఏజెంటు తడి గింజలను పైనే ఉంచుతాడు. ఎండ సంగతి, పని గంటలు, గదిలో ఎంతమంది ఉండాలో ముందే చెబుతాడు. అవసరమైతే "ఈ పని నీకు తగదు, వెళ్లకు" అని కూడా అంటాడు. కాని మనం అలాంటివాణ్ణి వదిలి, తీపి మాటలు చెప్పేవాడి వైపే మొగ్గుతాం. ఈ బలహీనత మనదే.

అయితే, అప్పు నెత్తిన ఉన్నవాడికి ఇంత విచారించే తీరిక ఎక్కడిది? కువైట్‌లో ఇంటిపనికి వెళ్లబోయే చదువురాని తల్లికి ఒప్పందం ఎవరు చదివి వినిపిస్తారు? న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ బాధ్యత వెళ్లేవారిది మాత్రమే కాదు, మనందరిదీ. చదువుకున్న యువకులు జుమా తర్వాత ఒక గంట కూర్చుని ఆ కాగితాలు చదివి పెట్టవచ్చు. మోసపోయి తిరిగొచ్చినవారు సిగ్గుతో దాచకుండా జరిగింది చెప్పాలి. ఇక కమీషన్ పుచ్చుకుని "నాకు తెలిసినవాడే, ఇచ్చేయ్" అనేవాడు తన సాక్ష్యాన్ని అమ్ముకుంటున్నాడు. ఆ మాటకు రేపు అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలి.

సోదరులారా! ఏజెంటు చేతిలో మనం పెట్టే డబ్బు భార్య మెడలోని బంగారం, తండ్రి అమ్మిన పొలం. అది మన వద్ద ఉన్న అమానతు. అమానతును ఇతరుల చేతిలో పెట్టేముందు విచారించడం విశ్వాసానికి లోటు కాదు, విశ్వాసం కోరే పనే. విచారించి, రాసుకుని, ఆపైన ఫలితాన్ని అల్లాహ్‌కు వదలడమే తవక్కుల్. హలాల్ సంపాదన కోసం ఇల్లు విడిచే ప్రతి ఒక్కరినీ అల్లాహ్ క్షేమంగా చేర్చి, క్షేమంగా తిరిగి తీసుకురావాలని వేడుకుంటున్నాము. ఆమీన్.