కొలబద్ద వయస్సు

ఇద్దరు గొప్పవారిలో నెవరు గొప్ప యను ప్రశ్న యెంత పాతదో, దానికి వెంటనే జవాబు చెప్పివేయవలెనను తొందరయు నంత పాతది. నన్నయ తిక్కనలను త్రాసులో వేయని తెలుగు పండితుడు లేడు. కాళిదాస భవభూతులను వేయని సంస్కృత విద్యార్థి లేడు. మేమును మా చదువునాళ్లలో నిట్టి తగవులకై యెన్నియో రాత్రులు నిద్ర చెరచుకొంటిమి. ఇప్పుడు మా యెదుటికి వచ్చిన తగవు కవులను గూర్చినది కాదు, బంతియాటగాండ్రను గూర్చినది. అంతమాత్రమున నిది చులకనయైన విషయమని పాఠకులు తలపవలదు. తీర్పు చెప్పుటలోని ధర్మమేదో కవుల విషయమున నెంత చిక్కో, ఆటగాండ్ర విషయమునను నంతే చిక్కు.

జరిగినది యిది. మా పాఠశాల యావరణలో బాస్కెట్‌బాల్ ఆడు బాలురిద్దరు సాయంకాలము వేపచెట్టు క్రింద వాదించుకొనుచుండిరి. ఒకనిది షికాగో బుల్స్ జట్టున నాడిన మైకేల్ జోర్డాన్ పక్షము. రెండవవానిది బోస్టన్ సెల్టిక్స్ జట్టున నాడిన బిల్ రసెల్ పక్షము. ఆ దారిని పోవుచున్న మమ్ము తీర్పరిగా నిలిపిరి. మేము ఫోనులో లెక్కలు చూచి, క్షణములో "జోర్డానే" యంటిమి. అప్పుడు రెండవవాడు, "మాస్టారూ, ఆ లెక్కలు ఎప్పటినుంచి రాస్తున్నారండీ?" అని యడిగెను. మాకు తెలియదు. తెలియదని యొప్పుకొనుటకు బదులు, ఏదో పని యున్నదని చెప్పి గదిలోనికి పోతిమి. ఇరువదియేండ్లుగా మార్కులు వేయుచున్న వానికి, ఈ మార్కుల పట్టిక యెప్పుడు పుట్టినదని యింతవరకెవ్వరు నడుగకపోవుట యాశ్చర్యము. ఆ రాత్రి కూర్చుండి చదివితిమి.

లెక్కలు చూచినచో మా తొందరపాటు క్షమింపదగినదిగనే కన్పట్టును. 1963లో పుట్టిన జోర్డాన్ 1984లో ఎన్.బి.ఎ. యను వృత్తిసంఘమున ప్రవేశించి మొత్తము 15 ఋతువు లాడెను. 32,292 పాయింట్లు చేసెను. సగటున నాటకు 30. ఒక ఋతువున నెక్కువ సగటు సాధించినవాడను ఖ్యాతి పదిమారులు పొందెను. 1991 మొదలు 1993 వరకును, మరల 1996 మొదలు 1998 వరకును జట్టును విజేతగా నిలిపెను. ఆ యారుమారులును తుదిపోటీలలో నుత్తముడను బహుమానము నతనిదే. ఇక 1934లో లూసియానా రాష్ట్రమందలి మన్రో పట్టణమున పుట్టిన రసెల్ 1956 మొదలు 1969 వరకు 13 ఋతువు లాడెను. సగటు పాయింట్లు 15, అనగా జోర్డాన్‌లో సగము. నూరు మారులు బుట్టకు గురిచూచినచో నలువదినాలుగు మాత్రమే పడినవి. తుదిపోటీలలో నుత్తముడను బహుమానము ఒక్కటియు లేదు. అయితే ఆ పదమూడేండ్లలో నతని జట్టు పదునొకండు మారులు విజేత యయ్యెను.

ఈ పదునొకటిని చూచి రసెల్ పక్షమువారు జయము జయమందురు. ఎదుటివారు, అతడు వచ్చినప్పుడు సంఘములో నున్నవి యెనిమిది జట్లే గదా, జోర్డాన్ తన యారవ విజయము పొందినప్పుడు ఇరువదితొమ్మిది గదా యందురు. దానికి వీరు, జట్లు తక్కువైనప్పుడు మేటివారందరును ఆ కొద్దిజట్లలోనే కూడియుందురు గదా యందురు. ఈ వాదము రెండు ప్రక్కలకును సమానముగ నొరగును. దీనిపై నిక కాలము వ్యయపరచుట నిరర్థకము.

అసలు విశేషము వేరుచోట నున్నది. ప్రత్యర్థి వేసిన బంతిని గాలిలోనే యడ్డగించుట యొకటి, అతని చేతిలోని బంతిని తటాలున తీసికొనుట యొకటి, ఈ రెండును కాపుదలలో ప్రధానమైన పనులు. వీనిని ఎన్.బి.ఎ. యధికారికముగ లెక్కవ్రాయ నారంభించినది 1973-74 ఋతువున. అప్పటికి రసెల్ ఆట మాని నాలుగేండ్లు దాటినది. ఆ విద్యయే యతని సర్వస్వము. దాని కొక్క యంకెయు లేదు. కాపుదలలో నుత్తముడను బహుమానము 1982-83లో పుట్టెను. 1988లో జోర్డాన్ దానిని పొందెను. తుదిపోటీల యుత్తమునికి బహుమాన మిచ్చుట 1969లో మొదలయ్యెను. అది రసెల్ ఆడిన కడపటి యేడు. అతని జట్టే గెలిచెను, కాని బహుమానము ఓడిన లాస్ ఏంజెలెస్ జట్టులోని జెర్రీ వెస్ట్‌కు పోయెను. 2009లో ఆ బహుమానమునకే రసెల్ పేరు పెట్టిరి. తాను పొందని వస్తువునకు తానే పేరయ్యెను!

చూచితిరా? ఇద్దరినొక కొలబద్దతో కొలిచితిమని మేమనుకొంటిమి. ఆ కొలబద్దకును పుట్టినతేది యున్నది. ఆ తేది యొకని యాట ముగిసిన తరువాతిది. ఒకని కాపుదల సిరాతో వ్రాయబడెను, వేరొకని కాపుదల చూచినవారి నోటిమాటగనే మిగిలెను.

లెక్కవ్రాసి యున్నచో నంతయు సరిపోయెడిదా? సరిపోదనియే మా యభిప్రాయము. బంతిని జనములోనికి ఎగురగొట్టి చప్పట్లు కొట్టించుకొనుట కొందరి పద్ధతి. రసెల్ అట్లు చేయడు. బంతిని వ్రేళ్లకొనలతో మెల్లగా తట్టి, మైదానము దాటనీయక, తనవాని చేతిలో పడునట్లు చేయును. లెక్కపుస్తకములో ఈ రెండును ఒక్కొక్క గీతయే. అంతకుమించి, అతడచ్చట నిలిచియున్నాడని చూచి, వేయదలచిన బంతిని వేయక వెనుకకు తిరిగిపోయిన ప్రత్యర్థి సంగతి యేమి? పడని గురికి గడి యున్నది. వేయని గురికి గడి యెక్కడ? చెరువుకట్టపై కావలివాడు మేలుకొనియున్న రాత్రి గండి పడదు. పడని గండిని కరణము గాని యింజనీరు గాని యే దస్త్రములోను వ్రాయడు. వాడు నిద్రించిన రాత్రి మాత్రము దస్త్రము కెక్కును.

ఇంతమాత్రమున జోర్డాన్‌ను వట్టి పాయింట్లవాడని తక్కువచేయుట యింకొక యన్యాయము. 1987-88 ఋతువున నతడు పాయింట్ల సగటులో మొదటివాడు, కాపుదలలో నుత్తముడు, సంఘమంతటికి నుత్తమ క్రీడాకారుడు. మూడును ఒక్క యేటనే. 1993లో తండ్రి హత్యకు గురియైన పిదప నాట మాని, బేస్‌బాల్‌లో చేయి పెట్టి, 1995 మార్చిలో తిరిగివచ్చి, తరువాత మూడేండ్లు వరుసగా గెలిచెను. 1998 జూన్ 14న యూటాలో జరిగిన తుదియాట కడపటి నిమిషమును చూడుడు. జట్టు మూడు పాయింట్లు వెనుకబడి యుండగా నతడొక బుట్ట వేసెను. వెంటనే కార్ల్ మలోన్ చేతిలోని బంతిని తట్టి తీసికొనెను. అయిదు సెకండ్లు మిగిలియుండగా మరల వేసెను. 87కు 86. మేము దీనిని పలుమారులు చూచితిమి. చూచిన ప్రతిసారియు నీసారి తప్పిపోవునేమో యని గుండె కొట్టుకొనును. రసెల్‌కును నిట్టి రాత్రులు లేకపోలేదు. 1962 తుదిపోటీల ఏడవయాటలో 30 పాయింట్లు చేసి, బుట్టనుండి మరలివచ్చిన బంతులను 40 పట్టెను. అట్టి నిర్ణాయకమైన ఏడవయాటలు పది యాడి పదియు గెలిచెను.

కొందరు, జోర్డాన్‌ను 1960లో నిలిపినచో నేమగును, రసెల్‌ను 1996లో నిలిపినచో నేమగును అని యూహింతురు. ఇది వినోదమే గాని విచారణ కాదు. మూడుపాయింట్ల గీత ఎన్.బి.ఎ.లో 1979-80లో వచ్చెను. రసెల్ కళాశాలలో నుండగా బుట్టక్రింద నతని నాపజాలక, కళాశాలల యాటలో బుట్టముందరి గళ్లను ఆరడుగులనుండి పండ్రెండడుగులకు వెడల్పు చేసిరి. ఎవని మూలమున నియమములే మారినవో వానిని నియమములనుండి విడదీసి వేరొక కాలమున నాటుట యెట్లు? దేశకాలములను తీసివేసినపుడు పాత్రుడు మిగులునా?

అయినచో "ఎవరి కాలమున వారు గొప్ప" యని చేతులు కడుగుకొనవచ్చునా? ఉపాధ్యాయులకు మిక్కిలి ప్రియమైన జవాబిది. మేమును పలుమారులు దీనిచాటున దాగితిమి. వినుటకు వినయముగ నుండును, నిజమునకు బద్ధకము. మనము తీర్పు మానినంత మాత్రమున తీర్పు ఆగదు. ఉన్న కొలబద్ద తనపని తాను చేయుచునే యుండును. లెక్కగలవాడు నిలుచును, లెక్కలేనివాడు మరుగుపడును. మౌనముగ నున్న తీర్పరి బలవంతుని పక్షముననే కూర్చుండినట్లు.

ఇక నాటకు వెలుపలి సంగతి. 1961 అక్టోబరులో రసెల్ జట్టు కెంటకీ రాష్ట్రమందలి లెక్సింగ్టన్ పట్టణమున నాడబోయెను. హోటలు కాఫీశాలలో అతని జట్టులోని నల్లజాతివారికి తినుటకేమియు పెట్టమనిరి. రసెల్‌ను తోటి నల్లజాతి యాటగాండ్రును నాడక తిరిగి పోయిరి. గ్లాసు వేరుగ పెట్టిన కాఫీహోటళ్లను ఎరిగిన మన గ్రామములవారికి దీని వ్యాఖ్యానము అక్కరలేదు. అతడు నివసించిన రీడింగ్ పట్టణమున దుండగులు ఇల్లు చొచ్చి గోడలపై వర్ణదూషణలు వ్రాసి, బహుమతులను పగులగొట్టిరి. ఏయూరికి కీర్తి తెచ్చెనో ఆయూరి చెంతనే యిది జరిగెను. 1972లో నతని యంకెను గౌరవార్థము సభామందిరపు కప్పునకు ఎత్తినపుడు, ప్రేక్షకులను లోనికి వదలకముందే, తోటివారి నడుమ ఆ పని ముగింపుమని కోరెను. అట్లే ముగించిరి. 1975లో క్రీడాకీర్తిమందిరమున చేర్చుకొన్నపుడు పోలేదు. దాని యుంగరమును 2019లో గాని తీసికొనలేదు.

జోర్డాన్ సంగతి వేరు. 1990లో నతడు పెరిగిన ఉత్తర కరోలినాలో హార్వీ గాంట్ అను నల్లజాతి యభ్యర్థి, పౌరహక్కుల చట్టములకు వైరియని పేరుపొందిన జెస్సీ హెల్మ్స్‌పై సెనేటుకు పోటీచేసెను. జోర్డాన్ బహిరంగముగ నొక్కమాటయు చెప్పలేదు. తల్లి యడుగగా ధనము మాత్రము పంపితినని 2020 నాటి చిత్రములో నతడే చెప్పెను. నోరు విప్పియుండిన బాగుండెడిదని మా మనస్సు. అదే 2020లో జాతిసమత్వమునకై పదేండ్లలో పది కోట్ల డాలర్లిత్తునని ప్రకటించెను. దానిని మరచుటయు తగదు.

రసెల్ ధైర్యమును ఆట లెక్కలో కలిపి, జోర్డాన్ మౌనమును తీసివేసి తీర్పు చెప్పవలెనని మా కొకమారు గట్టిగ ననిపించెను. సంస్కారప్రియులకు సహజమైన మొగ్గిది. కాని యోచించితిమి. కాఫీశాల తలుపు రసెల్ కోరి తట్టినది కాదు. ఆడబోయిన చోటనే యది మూయబడెను. కావున నది యతని యాటకు వెలుపలిది కానేకాదు. జోర్డాన్ మోయనవసరములేని బరువొకటి మోయుచు నతడా పదునొకండు మారులు గెలిచెను. జోర్డాన్ మౌనమో, ఆట వెలుపలిదే. రెండింటిని ఒకే పుటలో వ్రాయరాదు.

అయితే ఋణమను మాట యొకటి మిగిలియున్నది. 1964 జనవరిలో బోస్టనులో మేటియాటగాండ్ర ప్రదర్శనపోటీ జరుగవలసియుండగా, దేశమంతయు టెలివిజనులో చూడ వేచియుండగా, పింఛను మాట యిచ్చినదాక బయటికి రామని యాటగాండ్రు గది తలుపు వేసికొని కూర్చుండిరి. వారిలో రసెల్ ఒకడు. మాట యిచ్చిరి, ఆడిరి. 1997-98లో జోర్డాన్ ఒక్కయేటి జీతము మూడుకోట్ల ముప్పదిలక్షల డాలర్లకు పైబడినది. ఆ మొత్తమునకు ఆ మూసిన తలుపునకును సంబంధమే లేదనగలమా? వెనుకటివాడు వేసిన నేలపై నిలిచి ఎత్తు కొలుచుకొనువాడు, నేల ఎత్తును గూడ తన యెత్తులో కలుపుకొనును. (రసెల్ మాత్రము పోలికలకు అతీతుడైన ఋషి యని తలపవలదు. ప్రత్యర్థి విల్ట్ చేంబర్లెన్‌కు ఏడాదికి లక్షడాలర్లిచ్చెదరని విని, తనకు 1,00,001 కావలెనని పట్టుపట్టి తీసికొనెను. ఆ ఒక్క డాలరు మాకెంతయో నచ్చినది.)

మరునాడు సాయంకాలము వేపచెట్టు క్రిందికి మేమే పోతిమి. మొదట, నిన్న నడిగిన ప్రశ్నకు జవాబు తెలియక తప్పించుకొంటిమని యొప్పుకొంటిమి. పిదప లెక్క లెప్పుడు మొదలయ్యెనో చెప్పితిమి. "అయితే ఎవరు గొప్ప, మాస్టారూ?" అని మొదటివాడు వదలలేదు. కడపటి బంతి వేయవలసిన యొక్క రాత్రికైనచో జోర్డాన్ చేతికిత్తుము. పదమూడేండ్లపాటు ఒక జట్టును నిలుపవలసినచో ముందుగా రసెల్‌ను పిలుతుము. రెండింటిలో నొక్కదానినే యెంచుకొమ్మన్నచో పదమూడేండ్లనే యెంచుకొందుమని చెప్పితిమి.

"మీరు జట్టు కట్టేవారిలా చెప్పారు మాస్టారూ. ఆట చూసేవాడిగా చెప్పండి" అని వాడనెను. మేము కొంతసేపాలోచించి, చూచుటకైనచో జోర్డానే యంటిమి. రెండవవాడు మాతో మాటలాడక బంతి తీసికొని ఆటస్థలములోనికి పోయెను.