యజమానికి ప్రతినిధి ఉంటాడా?

విద్యార్థి సంఘ నాయకుణ్ణి విద్యార్థుల ప్రతినిధి అనడం ఎంత అలవాటైపోయిందంటే, ఆ పదం ఎన్నికల రాజకీయం పుట్టడానికి ఎంతో ముందే యజ్ఞశాలలో శాస్త్ర పరిభాషగా స్థిరపడిందన్న సంగతి సాధారణంగా స్ఫురించదు. యజ్ఞకర్మల నియమాలను విచారించే జైమిని మీమాంసా సూత్రాల ఆరవ అధ్యాయంలో ప్రతినిధి అంటే విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దానికి బదులు వాడదగిన ద్రవ్యం: వరి లేకపోతే నివ్వరి, సోమలత లేకపోతే పూతీక. అయితే ఈ వెసులుబాటుకు అక్కడే హద్దు కూడా ఉంది. దేవతకు, అగ్నికి, మంత్రానికి ప్రతినిధి లేనట్లే యజమానికీ, అంటే ఫలం కోరి సంకల్పం చెప్పుకొన్న వ్యక్తికీ, ప్రతినిధి లేడు. పని చేసిపెట్టడానికి ఋత్విజులు దొరుకుతారు గాని, ఒకరి కోరికను మరొకరు కోరడం కుదరదు. 1762లో తత్త్వవేత్త రూసో సంకల్పానికి ప్రాతినిధ్యం పొసగదని వాదించినప్పుడు, వేరే దారిన వచ్చి దాదాపు ఇదే గడప ముందు నిలిచాడు.

ఇటలీ నగరం బొలోన్యాలోని తొలి విద్యార్థి సంఘాలకు ఈ చిక్కు అంతగా లేదు. న్యాయశాస్త్రం చదవడానికి పరదేశాల నుంచి వచ్చినవారు ఆ నగర పౌరులు కారు గనుక, స్వదేశీయుడెవరో చేసిన అప్పుకు తాము పట్టుబడే ప్రమాదం ఉండేది; 12వ శతాబ్దంలో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి శాసనం వారికి దాని నుంచి రక్షణ కల్పించింది. యూనివర్సిటాస్ అన్న లాటిన్ మాటకు అక్కడ అర్థం భవనం కాదు, విద్యార్థుల కూటమి; అది తనలోనుంచే రెక్టారును ఎన్నుకొని, ఆలస్యంగా వచ్చిన అధ్యాపకులకు జరిమానా కూడా వేసేది (ఈ వివరం నేటి అధ్యాపకులకు రుచించకపోవచ్చు).

మీమాంసలో ఇలాంటి కూటమికి దగ్గరి పోలిక సత్రం. పదిహేడుగురికి తగ్గకుండా కూడి చేసే ఈ దీర్ఘయాగంలో ఋత్విజులే యజమానులు, ఫలం అందరిదీ. మధ్యలో ఒకరు మరణిస్తే సంఖ్య నిండడానికి మరొకరిని తెచ్చుకోవచ్చునని, వచ్చినవాడు యజమాని నియమాలన్నీ పాటించాలని, కాని ఫలంలో అతనికి వాటా లేదని జైమిని తేల్చాడు. హాస్టల్ మెస్ గురించి మాట్లాడే నాయకుడు ఆ మెస్‌లోనే తినాలని, పదవి పేరుతో అతనికి వేరే సౌకర్యం దక్కరాదని దీన్ని నేటి భాషలోకి మార్చుకోవచ్చు. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న, విద్యార్థి సంఘ ఎన్నికలపై లింగ్డో కమిటీ చేసిన సిఫారసుల్లో 75 శాతం హాజరు మొదటి షరతుకు, ప్రధాన పదవికి ఒక్కసారే పోటీ, 5,000 రూపాయల ఖర్చు పరిమితి రెండవ షరతుకు దగ్గరగా ఉన్నాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. కేంద్ర సంస్థ అయిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మాత్రం అవి జరుగుతూ వస్తున్నాయి. ఎన్నిక లేనిచోట నామినేషన్ ద్వారా ప్రతినిధులను తీసుకోవచ్చుగాని, అయిదేళ్లలో ఎన్నికల పద్ధతికి మారాలని అదే కమిటీ చెప్పింది. విద్యాసంస్థను నడిపేవారిని తెలుగులో యాజమాన్యం అంటారు. ఆ యాజమాన్యమే విద్యార్థుల ప్రతినిధిని నియమిస్తే, సంకల్పం ఎవరిది, యజమాని ఎవరు అన్న ప్రశ్న ఆ మాటలోనే బయటపడుతుంది.

సంఘం పనిలో మరింత సూక్ష్మమైన భాగం ఒక్క సభ్యుడికి తోడు నిలవడం. క్రమశిక్షణ విచారణకు పిలుపు అందుకొన్న విద్యార్థి పక్కన కూర్చున్నవాడు అతని బదులు జరిగింది చెప్పలేడు. నిబంధన ఏమంటుందో వివరించి, కాగితాలు సిద్ధం చేసి, అతని మాట పూర్తయ్యేదాకా కమిటీ వినేలా చూడగలడు. యజ్ఞంలో దీనికి వాచనమని పేరు: యజమాని పలకవలసిన మంత్రాన్ని ఋత్విజుడు అతని నోటనే పలికించడం. అయితే తెలిసినవాడి చేతనే పలికించాలని, తెలియనివాడికి కర్మాధికారమే లేదని మీమాంస పట్టుబడుతుంది. పోలిక ఇక్కడ తెగిపోతుంది, ఎందుకంటే నోటీసులోని ఇంగ్లిష్ సగం అర్థంకాక, ఇంట్లో అడగడానికి చదువుకున్నవారు లేక సంఘం గదికి వచ్చే విద్యార్థికి తన అధికారం ఏమిటో తెలియదు. సంఘం ముందుగా చేయవలసింది అతనికి దాన్ని చదివి చెప్పడమే.