శేషభూతమైన శరీరము

అలిపిరి పాదాలమండపమున శ్రీవారి పాదుకలను శిరస్సున ధరించి, తొలిమెట్టుకు పసుపు కుంకుమలిడి, గోవిందనామము పలుకుచు కొండ నెక్కసాగు యాత్రికుని చూచునపుడెల్ల నాకొక తలంపు కలుగుచుండును. ఆయన “నేను నడచుచున్నాను” అని భావించును. కాని నడచుచున్నది ఆయన యొక్కడే కాదు. బ్రహ్మోత్సవములలో వాహనము కదలునపుడు మన కన్నులు పైనున్న స్వామియందే నిలుచును. క్రింద కొయ్యలకు భుజములొగ్గినవారెందరో, ఎవరి అడుగు ఎవరి అడుగుతో కలియుచున్నదో మనము గమనింపము. శరీరమను వాహనమును కూడ ఇట్లే ఎందరో మోయుచున్నారు. వారిని ఒకపరి పలుకరింతము.

అలిపిరి నుండి తిరుమలకు నడకదారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. అందులో ఒక్క మెట్టు నెక్కునపుడు జరుగు పని యెంతయో చూడుడు. కన్ను మెట్టు ఎత్తును కొలుచును. మెదడు ఆ కొలతను గ్రహించి వెన్నుపాము ద్వారా నాడులకు ఆజ్ఞ నిచ్చును. తొడ ముందుభాగపు కండరములు ముడుచుకొని మోకాలిని చాచును. పిరుదుల కండరములు తుంటిని నిలుపును. పిక్క మడమను పైకెత్తును. దేహము ఒక ప్రక్కకు ఒరగకుండ లోపలి చెవి తూకము చెప్పుచుండును. పెద్దవారి దేహమున ఎముకలు 206. కండరములు 600కు పైబడి యున్నవి. ఎముక తనంతట తాను కదలలేదు. ఎముక లేనిచో కండరము లాగుటకు ఆధారము లేదు. ఇక మోకాలందురా, తొడ ఎముకయు కాలి ఎముకయు కలియుచోట మృదులాస్థి పరచి, ముందు చిప్పను డాలువలె నిలిపి కూర్చిన కీలు అది. ఎక్కునపుడు ఊపిరి అలసినను, దిగునపుడు మోకాలే ఎక్కువ మొఱపెట్టునని నడచినవారందరు ఎఱుగుదురు.

కండరము ముడుచుకొనుటకు శక్తి యెక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో మన తెలుగువారొకరు గలరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పరిశోధించి, కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను ద్రవ్యమున్నదని 1927లో ప్రకటించిరి. 1929లో ఎ.టి.పి. అను ద్రవ్యమును గూర్చియు వెల్లడించిరి. ఈ ఎ.టి.పి. జీవకణమునకు చేతిఖర్చు వంటిది. నిలువ యుండునది కొన్ని క్షణములకు మాత్రమే చాలును, ఎప్పటికప్పుడు సమకూర్చుకొనవలెను. అందులకు చక్కెరయో కొవ్వో కావలెను. దానిని దహించుటకు ప్రాణవాయువు కావలెను. కండరము ఈ రెంటిని తానుగా సంపాదింపజాలదు. చక్కెరను ప్రేగులును కాలేయమును అందీయవలెను. ప్రాణవాయువును ఊపిరితిత్తులు అందీయవలెను. రెంటిని మోసికొనివచ్చునది రక్తము. ఆ రక్తమందలి ఎఱ్ఱకణములు పుట్టునది ఎముకల లోపలి మూలుగయందు. అవి సుమారు 120 దినములు జీవించును. క్రొత్తవానిని ఎన్నింటిని పుట్టింపవలయునో మూలుగకు కబురు పంపునది ఎవరనుకొన్నారు? మూత్రపిండములు! రక్తమును వడకట్టుటయే వాని పనియని మనము తలతుము. వడకట్టుచునే, అందు ప్రాణవాయువు తగ్గినదా యని అవి కనిపెట్టుచుండును.

గాలిగోపురము చేరునప్పటికి ఊపిరి బరువగును. ఊపిరితిత్తులలో కోట్లకొలది చిన్న గాలితిత్తులు గలవు. వాని పలుచని గోడలను చుట్టి వెండ్రుకకన్న సన్నని రక్తనాళికలు ప్రవహించుచుండును. అచట ఇచ్చిపుచ్చుకొనుట జరుగును: ప్రాణవాయువు లోనికి, బొగ్గుపులుసు వాయువు బయటికి. విచిత్రమేమనగా, ఊపిరి వేగమును సాధారణముగా నిర్ణయించునది ప్రాణవాయువు కొఱత కాదు, బొగ్గుపులుసు వాయువు పెరుగుదలయే. మెదడు అడుగుననున్న మజ్జాముఖము దానిని పసిగట్టి, రొమ్మునకును ఉదరమునకును నడుమనున్న కండరపు తెరను త్వరపెట్టును. మనము గోవిందనామము పలుకుచుండగా, మన ప్రమేయమేమియు లేకయే ఈ కార్యము సాగిపోవుచుండును.

ఇక గుండె. పిడికిలి యంత అవయవము. విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును త్రోయును. గట్టి శ్రమయందు అది 20 లీటర్లకు చేరవచ్చును. కాళ్ళకు రక్తము ఎక్కువ కావలసివచ్చినపుడు జీర్ణాశయమునకును ప్రేగులకును పోవు భాగము తగ్గింపబడును. కడుపునిండ భుజించి మెట్లెక్కువాడు ఆయాసపడుటకు ఇదియొక కారణము. పాదములకు దిగిన రక్తము మరల పైకి రావలెను గదా! అంత దూరము నుండి లాగుట గుండెకు భారము. అచట పిక్క పూనుకొనును. అడుగు పడినపుడెల్ల పిక్కకండరము తన నడుమనున్న సిరలను పిండును. సిరలలోని కవాటములు రక్తమును క్రిందికి జారనీయవు. కనుక అది పైకే పోవును. అందుచేతనే వైద్యులు పిక్కను రెండవ గుండె యందురు. గుండె పాదమును పోషించుచున్నది, పాదము గుండెకు చేయూత నిచ్చుచున్నది. ఇందెవరు పెద్ద, ఎవరు చిన్న?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఛాందోగ్యమున ఇంద్రియములు తమలో తాము ఈ వాదమే చేసినవి. వాక్కు ఒక సంవత్సరము వెడలిపోయెను, దేహము మూగయై బ్రతికెను. కన్ను పోయెను, గ్రుడ్డిదై బ్రతికెను. చెవియు మనస్సును అట్లే పోయి మరలివచ్చెను. కడపట ప్రాణము కదలబోగా, మేలుజాతి గుఱ్ఱము కట్టుకొయ్యలను పెరికినట్లు ఇంద్రియములన్నియు వ్రేళ్ళతో కదలినవి. అప్పుడుగాని వానికి తమ స్థితి తెలియలేదు. ఆ ప్రాణమునకును అంతర్యామి యొకడు గలడని, ప్రాణము కన్ను చెవి మనస్సు మొదలగునవి ఆయనకు శరీరమని, బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునకు చెప్పెను. తనకొఱకు గాక మఱియొకరి కొఱకే యుండుటను మన సంప్రదాయమున శేషత్వమందుము. శేషాద్రి నెక్కుచున్నవారికి ఆ మాటను వేఱుగ వివరింపవలెనా?

గుండెను గూర్చి మఱియొక మాట చెప్పక ముందుకు పోజాలను. దాని గదులలో ఎల్లవేళల రక్తము నిండియుండును. అయినను అది ఆ రక్తముతో తన ఆకలి తీర్చుకొనజాలదు. దేహమునకంతకు బయలుదేరు మహాధమని మొదట చీలిన రెండు సన్నని ధమనులు వెనుకకు మరలి గుండె కండరమునకు ఆహారము నిచ్చును. అదియు గుండె ముడుచుకొనునపుడు కాదు. ముఖ్యముగా రెండు స్పందనల నడుమ అది సడలునపుడే. స్పందన త్వరితమైనకొలది ఆ సడలు కాలము తగ్గును. ఆ సన్నని ధమనులలో కొవ్వు పేరుకొని ఇరుకైనవారికి, ఎక్కునపుడు రొమ్మున బిగువు, ఎడమ చేతిలోనో దవడలోనో నొప్పి, చల్లని చెమట కలుగుట అందువలననే. మెట్టుపై కూర్చున్నచో స్పందన నెమ్మదించును, గుండె భుజించును. కావున కూర్చుండుటను అపచారముగా తలపరాదు.

ఇది పుస్తకమున చదివి మాత్రమే వ్రాయుటలేదు. మా మేనమామగారు అరువది యేండ్లు దాటిన పిమ్మట, మనుమరాలి వివాహము కుదిరినచో కాలినడకన వచ్చెదనని మ్రొక్కిరి. వివాహము జరిగినది. నేనును వెంట నడచితిని. సగము దారి దాటకమునుపే ఆయన మాటలు తగ్గినవి. రొమ్ముపై చేయి ఆన్చుకొనుట నేను చూచితిని. అడుగగా “ఇది స్వామి పరీక్ష. ఓర్చుకొనవలెను” అనిరి. నేనును నమ్మితిని. ఆ నమ్మిక నన్నిప్పటికిని బాధించును. వెనుక వచ్చుచున్న యువకుడొకడు, ఎవరో యెఱుగము, ఆయన భుజము పట్టి ఆపెను. “తాతా, మీ మొగమంతా చెమటలు పట్టినాయి. ఇంకొక్క మెట్టు కూడా ఎక్కొద్దు” అని కూర్చుండబెట్టి, నలుగురిని పిలిచి దించి ఆసుపత్రికి చేర్పించెను. గుండెధమని మూసుకొనబోవుచున్నదని వైద్యులు చెప్పిరి. ప్రాణము దక్కినది. మేనమామగారు మాత్రము మ్రొక్కు తీరలేదని పడకపై కన్నీరు పెట్టుకొనుచుండిరి.

మా ఊరి అర్చకస్వామి చూడవచ్చినపుడు ఆయన ఈ మాటయే చెప్పుకొనిరి. “భగవద్రామానుజులు మోకాళ్ళపై కొండ నెక్కిరి గదా! నేను కాళ్ళతోనైనను ఎక్కలేకపోతిని.” అర్చకస్వామి కొంతతడవు మాటలాడలేదు. పిదప నిట్లనిరి: “కొండ ఆదిశేషుడే గనుక పాదము మోపరాదని ఆయన మోకాళ్ళపై నడచిరని పెద్దలు చెప్పుదురు. అది కొండయెడల భక్తి, దేహమునకు పెట్టిన పరీక్ష కాదు. శరీరమనగా నేమియో ఆ రామానుజులే శ్రీభాష్యమున నిర్ణయించిరి. చేతనుడు తన ప్రయోజనమునకై దేనిని నియమించి ధరించునో, ఏది ఆ చేతనునకే శేషమై యుండునో అది శరీరము. ఆ లెక్కన మీ దేహము మీకు శరీరము, మీరు స్వామికి శరీరము. కాలినడకన వచ్చెదనని మ్రొక్కితిరి. ఎవరి కాలితో?”

మేనమామగారు బదులు చెప్పలేదు. గోడవైపు తిరిగి పండుకొనిరి. ఆ సమాధానము ఆయనకు నచ్చినదో లేదో నాకు చాలదినములు తెలియలేదు.

ఉపవాసముతో నడచు మధుమేహ రోగులను గూర్చియు ఇచటనే చెప్పవలెను. కాలేయమున నిలువయుండు చక్కెర కొద్దిపాటిది; ఎక్కుచున్న కండరములు రక్తమందలి చక్కెరను త్వరగా వాడుకొనును. ఇన్సులినో మాత్రలో పుచ్చుకొని భుజింపక నడచినచో వణకు, చెమట, కన్నులు చీకట్లు క్రమ్ముట, మాట తడబడుట సంభవించును. మెదడు దేహపు బరువులో ఏబదవ వంతే యైనను, విశ్రాంతి వేళ శక్తిలో అయిదవ వంతు దానికే కావలెను. చక్కెర తగ్గినచో మొదట తల్లడిల్లునది అదియే. అట్టివారు కొంగున ఇంత బెల్లమో పటికబెల్లమో ముడివేసికొనుడు. ఏ మందు ఎంత, ఎప్పుడన్నది ప్రయాణమునకు ముందే వైద్యునితో మాటలాడి తెలిసికొనుడు.

మఱుసటి యేడు మేనమామగారు బస్సులో కొండకు వచ్చిరి. మందుబిళ్ళలు రొండిన కట్టుకొని యుండిరి. మహాద్వారము సమీపించినపుడు వరుస కొంత ఆగినది. ఆయన తన మణికట్టుపై వ్రేళ్ళుంచి, పెదవులు కదల్చుచు లెక్కించుచుండుట చూచి, “ఎంత యున్నది, మామయ్యా?” అని అడిగితిని. “లెక్క తప్పినది. నడుమ గోవిందనామము వచ్చినది” అని నవ్వి, నా భుజము నూతగా గొని, గడప దాటుటకు పాదమెత్తిరి.