మన సంతకము, మనది కాని సాక్ష్యము

పఠనము: నిర్గమ 20:16, రోమా 16:1–2, 2 కొరింథీ 3:1–3

కొన్ని మాసముల క్రిందట అమెరికానుండి మాకొక ఉత్తరము వచ్చెను. అది మాకు వ్రాయబడినది కాదు. మేము వ్రాసినట్లుగా వ్రాయబడినది. క్రింద మా పేరు, మా పూర్వపు ఉద్యోగము, సంతకమునకు ఖాళీ చోటు ఉండెను. పంపినవాడు దేవరకొండ ప్రాంతపు బిడ్డ. మేము ఇంజనీరింగు కళాశాలలో పాఠములు చెప్పిన దినములలో మా శిష్యుడు. ఇప్పుడు అక్కడ నీటి శుద్ధినిగూర్చి పరిశోధన చేయుచున్నాడు.

సంగతి తెలియని చదువరులకు కొన్ని మాటలు. అమెరికాలో స్థిరముగా నిలుచుటకు గ్రీన్ కార్డు కావలెను. సాధారణముగా యజమాని ఉద్యోగము చూపి, దానికి తగిన స్వదేశీయులు దొరకలేదని కార్మిక శాఖచేత ధ్రువపరచుకొని, ఐ-140 అను పిటిషను వేయును. 1990 నాటి చట్టము మరియొక ద్వారము తెరచెను. పై చదువు చదివినవాని పని ఆ దేశమునకు మేలైనదని తోచినచో, యజమాని లేకయే అతడు తానే పిటిషను వేసికొనవచ్చును. దీనిని జాతీయ ప్రయోజన మినహాయింపు అందురు. 2016 డిసెంబరు 27న వెలువడిన ధనాసర్ తీర్పు ఒక ఇంజనీరింగు పరిశోధకుని పిటిషనును గూర్చినదే. నాటినుండి అధికారులు మూడు సంగతులు చూచుచున్నారు: ఆ పనికి విలువయు జాతీయ ప్రాముఖ్యమును గలవా? దానిని ముందుకు నడుపుటకు ఇతడు తగినవాడా? ఉద్యోగపు షరతును విడిచిపెట్టుట దేశమునకు లాభమా? వీటికి రుజువుగా అచ్చయిన వ్యాసములతోపాటు పెద్దల సిఫారసు పత్రికలు జతచేయుదురు. కోరువాడే ఆ పత్రికను వ్రాసి, పెద్దలచేత సంతకము చేయించుకొనుట పలుచోట్ల వాడుకయైనది.

మాకు వచ్చిన పత్రికలో ఏమున్నది? ఇతని యంత్రము నల్లగొండ జిల్లాను ఫ్లోరైడు విషమునుండి విడిపించెనని యున్నది. మా జిల్లా వారికి ఫ్లోరైడు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వంగిన కాళ్లను, నడుములను కన్నులార చూచినవారము. పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు పద్ధతిని నాగపూరులోని ‘నీరి’ పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించగా, అది ‘నల్లగొండ పద్ధతి’ అను పేర ఆఫ్రికా దేశములకును పోయెను. మా శిష్యుని యంత్రమో, మర్రిగూడ వైపు ఒక బడిలో కొన్ని నెలలు పరీక్షింపబడెను. అంతే.

ఆ వారమే అతని తండ్రి మా ఇంటికి వచ్చెను. కొడుకు చదువుకై రెండెకరములు అమ్మినవాడు. “సారూ, ఒక్క సంతకమే గద! అందరు జేస్తున్నదే. మీరు కాదంటే పోరని బతుకేమైతది?” అనెను. మేము వెంటనే జవాబియ్యలేకపోతిమి. ఏలయనగా, ఇంతకుముందు మరియొక శిష్యుని కొరకు అట్టి పత్రికపై మేము చదువకయే సంతకము చేసియున్నాము. దానిని ప్రేమ అనుకొంటిమి.

అబద్ధసాక్ష్యమును గూర్చిన ఆజ్ఞను మనము నిందలకు మాత్రమే అన్వయించుకొందుము. పొరుగువాని మీద చెడుగా కల్పించి చెప్పుట పాపమైతే, వాని పక్షముగా కల్పించి చెప్పుట పుణ్యమగునా? ఉద్యోగములద్వారా ఆ దేశము ఏటేట ఇచ్చు వలస వీసాలు సుమారు 1,40,000. సాధారణముగా ఏ ఒక్క దేశమునకును అందులో ఏడు శాతమునకు మించరాదు. అందుచేత పిటిషను ఆమోదము పొందిన పిమ్మటను మన దేశస్థులు ఏండ్ల తరబడి వరుసలో నిలిచి యున్నారు. ఆ వరుసలో దొంగ తూకము వేసినవాడు, సరియైన తూకముతో వెనుక నిలిచినవానిని మోసగించుచున్నాడు. అదిగాక ఆ పిటిషనులోని మాటలు నిజమని కోరువాడు చట్టము ఎదుట ప్రమాణపూర్వకముగా సంతకము చేయును. మోసము బయటపడినచో ఆ దేశపు తలుపు అతనికి జీవితాంతము మూయబడవచ్చును.

అట్లని ఉన్న మంచిని దాచుట వినయము కాదు. బాదేపల్లి మార్కెట్టులో పల్లికాయ రాసి పోసిన రైతు తన పంటను చూపకుండునా? చూపవలెను. పైన గట్టికాయ, అడుగున తాలు పోయుటయే తప్పు. పౌలు ఫీబేను రోమా సంఘమునకు అప్పగించినప్పుడు ఆమె అనేకులకును తనకును సహాయము చేసినదని చెప్పెను. తాను ఎరిగినది చెప్పి ఊరకుండెను. సిఫారసునకు అంతకంటె మంచి మాదిరి మాకు కనబడదు.

తూకములో తక్కువగుదుమను భయమే కల్తీకి మూలము. ధనాసర్ తీర్పులోనే ఒక మాట కలదు. ఆ పరిశోధకుని పరిశోధన జాతీయ ప్రాముఖ్యము గలదని ఒప్పుకొనిరి. అతని బోధన విలువగలదే గాని, దాని ఫలము విద్యారంగమంతటికి విస్తరించునని రుజువు కాలేదనిరి. జీవితమంతయు పాఠములు చెప్పిన మాకు అది చదివి నవ్వు వచ్చెను. ప్రభుత్వపు త్రాసు ప్రభుత్వపు పనికి చేయబడినది. దానిలో తక్కువైనవాడు మనుష్యుడుగా తక్కువైనవాడు కాడు. ఈ సంగతి మన బిడ్డలకు ముందుగా ఇంటిలోను సంఘములోను చెప్పియుండినచో, వారు మన పేర మనకు ఉత్తరములు వ్రాయవలసిన అక్కర యుండునా?

మేము ఆ పత్రికను ప్రక్కన పెట్టి క్రొత్తది వ్రాసితిమి. ఎనిమిది నెలలు బస్సులో డబ్బాలు మోసి ఊరూర చేతిపంపుల నీళ్లు తెచ్చెనని వ్రాసితిమి. ఒకనాడు తన మొదటి లెక్క తప్పని తానే కనిపెట్టి, ఎవరును అడుగకయే మా గదికి వచ్చి ఒప్పుకొనెననియు వ్రాసితిమి. అతడు వ్రాసికొన్న పొగడ్తలో ఈ రెండును లేవు! తనకున్న మేలైన సాక్ష్యమును తానే తీసివేసి, ఆ చోట లేనిదానిని పెట్టుకొనెను.

రెండు వారములు జవాబు రాలేదు. పిమ్మట ఒక్క వాక్యము వచ్చెను: “సార్, ఆ నీళ్ల డబ్బాలు మీకు ఇంకా గుర్తున్నాయా?” మా పత్రికనే జతచేసినాడట. ఫలితము ఇంకను తెలియలేదు. అతని తండ్రి కనబడినప్పుడు పలుకరించుచునే యున్నాడు గాని, మునుపటివలె కూర్చుండుట లేదు.

ఇక మేము చదువక సంతకము చేసిన ఆ మొదటి పత్రిక యున్నది. అది ఏదో కార్యాలయపు కాగితములలో మా పేరున నేటికిని సాక్ష్యమిచ్చుచునే యుండును. దానిని మేము చదువనేలేదు. ప్రభువు చదివియున్నాడు.