చిన్న బతుకులో ఊరట ఎక్కడ?

జీవితం చిన్నదన్న నిజం దుఃఖించడానికా, ఊరట పొందడానికా? తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా జీవించారు. బతుకు క్షణికమని పాడిన ఆయన, ఆ కారణంతో పాడటం మానలేదు. వేల సంకీర్తనలు రచించారు. రాగిరేకులకెక్కి తిరుమల ఆలయంలో దాగిన ఆ పాటలు శతాబ్దాల తర్వాత వెలుగు చూశాయి. కాలం తక్కువన్న ఎరుక చేతులు కట్టేయదని, పనికి పురికొల్పుతుందని చెప్పడానికి ఇదొక రుజువు.

నిండుగా బతికినవారి సంగతి సరే, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏం చెబుతారని అడగవచ్చు. ఆమె దుఃఖం న్యాయమైనది. వేదాంతం దానికి జవాబు కాదు. అయితే ఆ దుఃఖం ప్రేమలోంచి పుట్టిందే గానీ, ఆ చిన్న బతుకు వ్యర్థమైనందువల్ల కాదు. ఊరట ఆయుష్షు కొలతలో లేదు, ఉన్నన్నాళ్లూ పంచిన ప్రేమలో, చేసిన పనిలో ఉంది. అందుకే చెప్పవలసిన మంచిమాటను, చేయవలసిన సాయాన్ని రేపటికి వాయిదా వేయకండి.